తల్లీ అన్న పిలుపు

శుక్రవారం రాత్రి, సూలూరు

కొడుకు మిల్లు షిఫ్టుకు పోతే ఇంట్లో నేనూ, అరవం తప్ప రాని కొత్త కోడలు సెల్వీ మిగులుతాం. వారం నుంచీ నేను "తల్లీ" అని పిలిచినప్పుడల్లా గుమ్మం దాకా వెనక్కి జరుగుతోంది. నేనంటే ఇష్టం లేదనుకున్నాను.

ఈరోజు కళ్ళనీళ్ళతో అడిగింది: "ఏన్ అత్తే, ఎప్పవుమే తళ్ళి తళ్ళీన్ను సొల్రీంగ?"

ఎందుకెప్పుడూ దూరం జరగమంటారని. అరవంలో ఆ మాటకు అదే అర్థమని నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

"మా తెలుగులో తల్లి అంటే అమ్మ, కన్నూ" అని అరవంలోనే చెప్పాను.

కళ్ళు తుడుచుకుని, "అట్లయితే మా అమ్మను పెళ్ళికి ఎందుకు రానివ్వలేదు?" అంది.

వాళ్ళ కులం గురించి పెళ్ళికి ముందు నేనన్న మాటలు సెల్వి విన్నదేమో. తను లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఇద్దరమూ అన్నం తినలేదు.