ఎలుకల ఇంటి మేస్త్రి

ఫిబ్రవరి 3, శుక్రవారం, పొద్దున

లోలా చచ్చిపోయింది. కనీసం రిసీవర్ అలా అంటోంది.

మెడకు రేడియో కాలర్ కట్టిన జంతువు తిరుగుతున్నంతసేపూ బీప్ నింపాదిగా వస్తుంది. చాలాసేపు కదలకపోతే హడావుడిగా కొట్టుకుంటుంది. ఇవాళ హడావుడిగా కొట్టుకుంది. లోలా నా పోసమ్. నాది అంటే పెంపుడుది కాదు, జంతువుల మీద పరిశోధన చేసే ఇంగ్రిడ్ ఈ అడవిలో కాలర్లు కట్టిన వాటిలో నా వంతుకు వచ్చింది. పిల్లి అంత ఒళ్లు, ఎలుక మూతి, పొట్ట సంచిలో పిల్లలు. అందగత్తె అని ఎవరూ అనరు. అన్నేళ్లు స్కూల్ బస్సు నడిపాను కదా, రిటైరయ్యాక కూడా ఎవరు ఎక్కడ ఎక్కారో ఎక్కడ దిగారో తెలియకపోతే నాకు తోచదు. అందుకే యాంటెన్నా పట్టుకుని తిరిగే ఈ పని అడిగి మరీ తీసుకున్నాను.

ఇంటికొచ్చి మా ఆయన ఆల్టన్‌కి చెప్పాను. కాఫీ కప్పులోంచి తల ఎత్తకుండా, పోసమ్ చచ్చినట్టు పడుకోవడం కూడా వార్తేనా ఏమోయ్, అదే కదా దాని ఉద్యోగం, అన్నాడు. నిజమే. భయమేస్తే నోరు తెరిచి నాలిక బయటపెట్టి పక్కకు ఒరిగిపోతుంది. కానీ ఇంతసేపా, అన్నాను. పనిమంతురాలైతే ఇంతసేపూ చేస్తుంది, పందెం, ఓడినవాళ్లు కీ లైమ్ పై చెయ్యాలి, ఆ నిమ్మకాయ మిఠాయి, అన్నాడు.

ఫిబ్రవరి 5, ఆదివారం

కీ లైమ్ పై చేస్తున్నాను. ఓడిపోయాను. బీప్ మళ్లీ నింపాదిగా వస్తోంది.

ఫిబ్రవరి 9, గురువారం

లోలా పద్ధతి మారింది. రోజూ చీకటి పడగానే రోడ్డు పక్క హోటల్ చెత్తడబ్బాల దగ్గరికి వెళ్లేది, నత్తగుల్ల వడల కోసం. ఇప్పుడు అటు తిరిగి చూడడం లేదు. పగలు కాస్త జరుగుతుంది. పోసమ్ పగలు పడుకోవాలి కదా! తర్వాత ఆగిపోతుంది, హడావుడి బీప్. మళ్లీ నింపాది బీప్. ఇన్నిసార్లు చచ్చి బతికే ఓపిక దానికెక్కడిది?

ఇంగ్రిడ్‌ని అడుగుదామంటే చెల్లెలి పెళ్లికి మిన్నెసోటా పోయింది. పెళ్లిలో ఉన్న పిల్లకి పోసమ్ గురించి ఫోన్ ఏమిటి, ఆగు, అంటాడు ఆల్టన్.

అతని మనసు బాగాలేదు. కారణం నాకు తెలుసు. మయామీకి దిగువనున్న మా ఈ దీవిలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేని అడవి ఎలుక ఒకటుంది. పుల్లలు పోగేసి నడుమెత్తు గూడు కట్టుకుంటుంది. మనం చెట్లు కొట్టి రోడ్లు వేశాక దానికి పుల్లలు కరువయ్యాయి. ఆల్టన్ పడవ ఇంజన్లు బాగుచేసే రోజుల్లో, ఎవరూ తీసుకెళ్లని పాత జెట్ స్కీ, అదే నీళ్ల మీద నడిపే స్కూటర్, ఒకటి షెడ్డులో పడి ఉంటే, దాన్ని అడవిలో బోర్లించి, పైన పగడపురాళ్లు పేర్చి, పుల్లలు కప్పాడు. ఎలుక వచ్చి చేరింది. అప్పటినుంచి మావాడు ఎలుకల ఇళ్ల మేస్త్రి. మా పుట్టింటివాళ్లు నవ్వారు. మేం క్యూబా నుంచి వచ్చింది నీ మొగుడు ఎలుకలకి మేడలు కడితే చూడ్డానికా, అనేది మా అక్క.

క్రిస్మస్ తర్వాత ఇంగ్రిడ్ చెప్పింది. ఈ కొసన కట్టిన ఎలుకల ఇళ్లన్నీ ఖాళీ అయిపోయాయి, మొన్న శరత్కాలంలో కెమెరాకి ఎలుక కనిపించింది ఆ మొదటి జెట్ స్కీ ఇంట్లోనే అని. ఈ వసంతం దాకా అది కూడా ఖాళీగా ఉంటే ఇక ఇక్కడ కట్టడం ఆపేద్దాం అంది. మీరు చేసినదంతా వృథా కాదండీ, అని కూడా అంది. ఆ మాటే అతన్ని కుంగదీసింది.

ఫిబ్రవరి 11, శనివారం

దొరికింది! బీప్ జెట్ స్కీ ఇంట్లోంచి వస్తోంది.

ఆల్టన్ మొహం ఎర్రబడింది. మా రోడ్డు పక్కన పర్యాటకుల చెట్టు ఉంటుంది, ఎండకు కమిలిన తెల్లవాళ్లలా దాని బెరడు ఎర్రగా పొరలు పొరలుగా ఊడుతుంది. అచ్చం ఆ రంగు. దొంగముండ, నా ఎలుకల్ని తినడానికి దూరిందా, కాలర్ కట్టి మరీ పంపించారు, అని లోలాని తిట్టాడు. నాకు నవ్వొచ్చింది. అతనికి రాలేదు.

నాకు అర్థం కానిది ఒకటే. ఆ ఇంటి గుమ్మాలు అతను పిడికిలి కొలత పెట్టి కోశాడు, పిల్లి కూడా దూరకూడదని. లోలా ఎలా దూరింది? కెమెరాకి కనపడని వెనకవైపుకి వెళ్లి చూశాను. రాళ్లు జారి, అడుగున సున్నపురాతిలో ఒక బొరియ తెరుచుకుంది. దాని అంచు నున్నగా ఉంది, ఎవరో గుడ్డ పెట్టి తుడిచినట్టు.

ఫిబ్రవరి 12, ఆదివారం

పక్కింటి ప్లంబర్ ఎవరార్దో దగ్గర, పైపుల్లోకి దింపే కెమెరా అడిగి తెచ్చాం. నేనే లోపలికి తోశాను. ఆల్టన్ స్క్రీన్ చూస్తున్నాడు.

వేళ్లు. ఎండాకులు. ఒక ప్లాస్టిక్ చెంచా. తర్వాత గోధుమరంగు మచ్చలు, చుట్టూ నల్లటి గీతలు. ఇది నా పాత లైఫ్ జాకెట్టే, దీన్ని ఎప్పుడు కుక్కానో గుర్తు లేదు, అన్నాడు.

లైఫ్ జాకెట్ ఊపిరి పీల్చింది.

ఇద్దరం ఒక్కసారే వెనక్కి పడ్డాం. కొండచిలువ. అవతల ఒడ్డున ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో కుందేలనేదే కనపడకుండా చేసిన జాతి. ఎప్పుడో మయామీలో ముచ్చటపడి పెంచుకున్నవాళ్లు, ఒళ్లు పెరిగాక తెచ్చి నీళ్లలో వదిలేసిన బర్మా పాము. ఉప్పునీళ్లు దాటి మన కొసకు రాదులే అని ఆల్టన్ ఎన్నిసార్లు అన్నాడో.

లోలా లోపలే ఉంది. పాము లోపల. పిల్లలతో సహా. చచ్చి బతికిందీ, పగలు షికారు చేసిందీ పాము. నేను పందెం ఓడిపోయి పై చేసిన రోజున కూడా.

బాగా ఏడుపొచ్చింది. రాయడానికి సిగ్గేం లేదు.

సాయంత్రం

ఫోన్ చేస్తే ఇంగ్రిడ్ పెళ్లింటి నుంచి బయల్దేరింది. రేపు పొద్దుటికి వస్తానంది. అప్పటిదాకా కదపకండి, ఆ కాలర్ విసర్జించేస్తే ఇక దాన్ని పట్టుకోలేం, ఆడదైతే ఈ నెలల్లో కడుపుతో ఉంటుంది, అంది.

ఆల్టన్ వరండా మెట్ల మీద కూర్చున్నాడు. ఇల్లు ఎత్తితే మిగిలిన ఒకటీ అరా ఎలుకలు కూడా బెదిరిపోతాయి, మళ్లీ రావు. ఎత్తకపోతే అది తింటుంది. నువ్వు చెప్పవే, ఏం చెయ్యను? అన్నాడు. ఈ మనిషి ఇన్నేళ్లలో నన్ను ఎలుకల విషయం అడగడం ఇదే మొదలు. బస్సులో ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే ఎవర్ని దింపాలో నాకు టక్కున తెలిసేది. ఇప్పుడు తెలియలేదు.

ఫిబ్రవరి 13, సోమవారం

ఎత్తాం. ఇంగ్రిడ్ మనుషులు గడ్డపార అందుకోబోతే, నేను మూసిన ఇల్లు నేనే తెరుస్తాను, జరగండి, అన్నాడు ఆల్టన్. రాళ్లు ఒక్కొక్కటీ తీసి వరసగా పక్కన పెట్టాడు, మళ్లీ పేర్చేవాడిలా. తర్వాత గడ్డపార దూర్చి జెట్ స్కీని తిరగేశాడు.

ముగ్గురు పట్టారు పాముని. మా ట్రక్కుకి అడ్డంగా పడుకోబెడితే రెండువైపులా వేలాడేది. ముట్టుకున్నాను. చల్లగా, పొడిగా ఉంది, నేను అనుకున్నట్టు జిగట లేదు. ఎండ పడితే చర్మం మీద నీలం మెరుస్తోంది. చాలా అందంగా ఉంది. నా లోలాని తిన్నదాన్ని అందంగా ఉందనడం ఏమిటో, కానీ ఉంది. అది ఇక్కడికి రావాలని టికెట్ కొనుక్కుని రాలేదు కదా పాపం. ఇంగ్రిడ్ దాన్ని తీసుకెళ్లింది. ఏం చేస్తారో నాకు తెలుసు, అడగలేదు.

ఆల్టన్ పాము వంక ఒక్కసారి కూడా చూడలేదు. మోకాళ్ల మీద వంగి నేలను చూస్తున్నాడు. ఎండాకుల పరుపు అట్టలా అణిగిపోయి ఉంది. ఎలుక లేదు. ఎలుక వెంట్రుక లేదు.

ఫిబ్రవరి 14, మంగళవారం

ఇంగ్రిడ్ ఫోన్. పొట్టలో కాలర్ దొరికింది, ఇంకా బీప్ కొడుతోందట. కడుపులో గుడ్లు కూడా ఉన్నాయి, డజన్లకొద్దీ. మీ ఇద్దరి వల్ల ఎన్ని పాములు పుట్టకుండా పోయాయో తెలుసా, అంది.

ఆల్టన్‌కి చెప్పాను. సంతోషం, అని టీవీ పెట్టాడు. చేపలు పట్టే కార్యక్రమం, సౌండు లేకుండా.

ఫిబ్రవరి 20, సోమవారం

జెట్ స్కీని మళ్లీ బోర్లించాడు. పైన రాళ్లు లేవు, పుల్లలు లేవు. కెమెరా విప్పి తెచ్చేశాడు. ఖాళీ ఇంటికి కాపలా ఎందుకు, అన్నాడు. పనిముట్లకు గ్రీజు రాసి గోనెలో చుట్టి పెట్టాడు. మా షెడ్డు ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదు. నాకు అస్సలు నచ్చలేదు.

మార్చి 1, బుధవారం

కాలర్ కట్టిన ఇంకో పోసమ్ బీప్ వెతుకుతూ అటు వెళ్లాను. బోర్లించిన జెట్ స్కీ మీద పుల్ల. అడ్డంగా, పొందిగ్గా. ఓహో, మేస్త్రిగారు నాకు చెప్పకుండా పని మొదలెట్టారన్నమాట. చూడనట్టు వచ్చేశాను. చేపల పులుసు కాస్త ఎక్కువే వడ్డించాను.

మార్చి 4, శనివారం

మరో మూడు పుల్లలు. భోజనం దగ్గర ఇక ఆగలేక, ఏం మేస్త్రిగారూ, కొత్త అద్దెదారులెవరైనా కబురు పెట్టారా, అన్నాను.

పళ్లెం తోసేశాడు. నన్ను ఓదార్చాలంటే ఎదురుగా కూర్చుని ఓదార్చు, ఈ పుల్లల నాటకం ఎందుకు, చిన్నపిల్లాడినా నేను, అన్నాడు. తనూ చూశాడట, గురువారం నుంచీ చూస్తున్నాడట. ఎలుక చేరిందనడానికి మొదటి గుర్తు మనం పెట్టని పుల్ల. ఆ సంగతి నాకు నేర్పింది తనే. అందుకని నేనే దొంగతనంగా వెళ్లి పెడుతున్నానని అతని అనుమానం. ఎలుక ఇంత నీటుగా పెడుతుందా, నీ గిన్నెల అలమర సర్దినట్టుంది, అన్నాడు.

నేను పెట్టలేదు, నువ్వే పెట్టావన్నాను. ఇంకా అబద్ధాలా, అన్నాడు. పోనీ ఇంగ్రిడ్ పనేమోనని ఆమెకి ఫోన్ కొట్టాను. ఆమె పదిరోజులుగా ఇటు రానేలేదు.

మార్చి 5, ఆదివారం

మాటల్లేవు. అబద్ధం ఆడితే అతని చెవులు ఎర్రబడతాయి. ఎర్రబడలేదు.

మార్చి 8, బుధవారం, మయామీ

నా ఐడియానే, పుల్లలు పెట్టేదెవరో తేల్చడానికి. పొద్దున ఇద్దరం కలిసి వెళ్లి పుల్లలన్నీ తీసేశాం. అక్కణ్నుంచి తిన్నగా ట్రక్కెక్కి మా అక్క ఇంటికి వచ్చేశాం. ఈ రాత్రి ఇక్కడే పడక. దారిలో పెట్రోల్ బంకు దగ్గర నేను బాత్రూమ్‌కి వెళ్తే తలుపు బయట నిలబడ్డాడు. ఆ తర్వాత అతను వెళ్తే నేను నిలబడ్డాను. ఏంటే, మీకు కొత్తగా పెళ్లయిందా, అని అడిగింది అక్క.

మార్చి 9, గురువారం

తిరిగొచ్చి చూస్తే జెట్ స్కీ మీద ఒక పుల్ల. దాని చివరనున్న ఆకు ఇంకా పచ్చగా ఉంది.

ఆల్టన్ బూట్లు విప్పి చేతిలో పట్టుకుని, నన్నూ విప్పమని సైగ చేశాడు. ట్రక్కు దాకా చప్పుడు కాకుండా ముళ్ల మీదే నడిచి వచ్చాం.