నొక్కితే పట్టని కార్డు

ఏవండీ,

నేను డ్యూటీకి వెళ్తున్నాను. కంప్యూటర్ ఆపకండి. పాత డిస్కులోవన్నీ కొత్త ఎస్‌ఎస్‌డీలోకి కాపీ అవుతున్నాయి. మధ్యలో ప్లగ్గు పీకారంటే కథ మళ్లీ మొదటికొస్తుంది. మూత బిగించకండి, సాయంత్రం నేనే బిగిస్తాను. మరలు మీ కళ్లజోడు పెట్టెలో ఉన్నాయి, పారబోయకండి.

సోఫా మీదున్న పెద్ద గ్రాఫిక్స్ కార్డు మీ తమ్ముడికి ఇచ్చేయండి. ఇంత సన్నటి కంప్యూటర్ పెట్టెలో అది పట్టదని నిన్న మీ ఇద్దరికీ చెప్పాను. "కాస్త నొక్కితే అదే పడుతుందిలే వదినా" అంటూ రేకు వంచిపెట్టాడు. మీరేమో పక్కన నిలబడి "ఇంకొంచెం నొక్కరా" అన్నారు! ఆ వంకర నేనే సరిచేసి, సగం ఎత్తుండే కార్డు తెచ్చి పెట్టాను. బుద్ధిగా కూర్చుంది.

పాతసామాన్లవాడిని రమ్మన్నారట కదా. వస్తే వట్టి చేతులతో పంపేయండి. ఈ ఇంట్లో నేను చెప్పినట్టు వినేది ఈ డబ్బా ఒక్కటే. దాన్ని ఇవ్వను గాక ఇవ్వను.

మరిచిపోయాను, మీరు సగంలో వదిలేసిన చదరంగం ఆటను అన్నిటికన్నా ముందు కాపీ చేశాను. గుర్రాన్ని మాత్రం కదపకండి, ఓడిపోతారు. ఈ ఒక్కసారైనా నా మాట వినండి.