అంచు చెదరని ముక్క

సిరిసిల్ల,
14 జూన్ 2025, శనివారం.

చిరంజీవి తిరుమలకు నీ బాపు రాజలింగం మనసారా దీవించి రాసేది. మీ అమ్మ మోకాలు, నా మరమగ్గాల సాంచాలు రెండూ బాగానే నడుస్తున్నాయి. నువ్వు ముందు ఏడుపు ఆపి అన్నం తిను. నువ్వు కాలేజీలో ఒకటి మందు లేకుండా, మూడు వేరువేరు పాళ్లలో మందు కలిపి చేసిన నాలుగు ప్లాస్టిక్ పట్టీలలో ఏది ఏదో తెలిసిపోయింది బిడ్డా!

నిన్న ఫోనులో నువ్వు “బాపూ, ఇంట్ల మరిచిపోయిన పట్టీల మీద నంబర్లు చదువు” అన్నావు. ఒక్క నంబరూ లేదన్నాను. “సోమవారం పరీక్షకు బయటి సార్లు అస్తున్నరు, ఏది ఏదో తెలియకుంటే ఏడాది పనంత మట్టిల కలిసినట్టే” అని ఎక్కెక్కి ఏడ్చావు. ఆ తర్వాత నాకు ముద్ద దిగలేదు.

పొద్దున్నే ఇస్త్రీ పెట్టెను రెండు ఇటుకల మధ్య వెల్లకిలా పెట్టాను. ఒక్కో పట్టీ మూల నుంచి గోరంత కత్తిరించి దాని మీద వేశాను. మీ అమ్మ ఊరుకుంటుందా? “గీ వయసుల ప్లాస్టికు అట్లు పోస్తున్నవా? ఇంక నీ అంగీలు ఎవలు ఇస్త్రీ జేస్తరు?” అని ఒకటే తిట్లు. తిడుతూనే పక్కన కూర్చుని చూసింది.

పాలలా తెల్లగా ఉన్న ముక్కలు నాలుగూ అద్దంలా అయ్యాయి! ఒకటి మాత్రం జావలా కారిపోయింది. లోపల ముడులు వేసే నీ క్రాస్ లింకింగ్ మందు కలపనిది అదే. మిగతా మూడూ అంత వేడిలోనూ అంచు చెదరలేదు. చిమటాతో అంచు పట్టి లాగి చూశాను. ఒకటి బాగా సాగింది, ఒకటి కొంచెం, ఒకటి మొండికేసింది. మందు ఎక్కువ పడినది ఆ మొండిదే. చల్లారాక తెలుపు అన్నిటికంటే తక్కువ తేలింది కూడా దానికే.

నువ్వు మూడేళ్లుగా చెబుతుంటే తల ఊపానే గానీ ఇవాళే అర్థమైంది. ప్లాస్టిక్ లోపలా మన పడుగు పోగుల లాంటివే ఉంటాయి, విడివిడిగా ఉంటే వరుసగా ఒత్తుగా సర్దుకుని తెల్లబడతాయి. మందు వల్ల నడుమ నడుమ ముడులు పడితే అంత చక్కగా సర్దుకోలేవు, అందుకే తెలుపు తగ్గింది. కానీ ఆ ముడులే వేడికి పోగులను జారిపోనివ్వవు. అంతేనా బిడ్డా? సంతోషం పట్టలేక సాంచాలు ఆపి ఎదురింటి ఓదెలుకు కూడా చెప్పాను. “నీ బిడ్డ సదువు నీకు అంటిందే” అన్నాడు.

నాలుగూ వేరువేరు కవర్లలో పెట్టి, ఏది ఏదో పైన రాశాను. మన పక్కింటి బాలమణి రేపు కోరుట్ల పోతూ జగిత్యాల బస్టాండులో నీకు ఇస్తుంది. అయినా మీ కాలేజీ మిషన్‌లో ఒకసారి సరిచూసుకో.

నీ బాపు,
రాజలింగం

తా.క. బ్యాగులో ఒరుసుకుని నంబర్లు చెరిగిపోయాయని నిన్ను నువ్వే తిట్టుకున్నావు. కాదు తల్లీ. బట్ట మీద మరక కనబడితే తుడవకుండా సేటుకు ఇవ్వని చేతులు ఇవి. పట్టీల మీద నల్ల గీతలు చూసి, అవి నీ నంబర్లని తెలియక, సార్లకు శుభ్రంగా ఇద్దువని మరకల మందుతో నేనే తుడిచాను. ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు. సోమవారం సార్లు అడిగితే తప్పు నీ మీద వేసుకోకు, “మా బాపు తుడిచిండు, మా బాపే ఏరిండు” అని చెప్పు.