లిస్టీరియాకి ఐరన్

వెర్రిబీ,
జూలై 1999

టూంగాబీలో ఒంటరిగా వేగుతున్న నా శేషుకి,

ఈ శనివారం కూడా సిడ్నీ రాలేను. ల్యాబ్‌లో లిస్టీరియాని వదిలి కదలడానికి లేదు. చల్లగా ఉంటే హాయిగా ఈదుతూ ఉంటుంది. ఒంటి వేడి తగిలిందా, ఈత మానేసి మనిషి మీద పడే రకం. దానికి ఐరన్ లేకపోతే మరీ రెచ్చిపోతుంది. అందుకే ఐరన్ సంగతి నేనే దగ్గరుండి చూసుకుంటున్నాను. నీ వై టూ కే పని ఎంతవరకు వచ్చింది?

నీ ప్రసాద్

తా.క. నీ తర్వాత ఇంత మొండిదాన్ని ఎక్కడా చూడలేదు.

టూంగాబీ

శ్రీవారికి శేషుకుమారి నమస్కారాలు.

ఫోన్‌లో అయితే ఏడుస్తాను కనుక రాస్తున్నాను. ఎవరండీ ఆ లిస్టీరియా? గ్రీకు పిల్లా, ఇటలీ పిల్లా? ఈ చలిలో ఈతలేమిటి? ఎవరి ఒంటి వేడి? 'అది', 'దానికి' అనేంత చనువు అప్పుడే వచ్చేసిందా? పెళ్ళయ్యాక నా చీర ఒక్కటి ఐరన్ చేసిన పాపాన పోలేదు మీరు. దాని బట్టలు మాత్రం దగ్గరుండి చూసుకుంటున్నారు. కుళ్ళుకుంటున్నాను, దాచుకోను. ఆఫీసులో రెండంకెల సంవత్సరాలని నాలుగంకెలు చేస్తూ కూర్చున్నాను గానీ, ఇంట్లో ఇద్దరం ముగ్గురమయ్యామని ఇప్పుడే తెలిసింది.

మీరొస్తే చెబుదామనుకున్న మాట ఒకటి నాలోనే ఉంచుకుంటున్నాను.

ఇట్లు,
మొండిది

తా.క. పక్కింటి శ్యామసుందరి ఆంటీ, దాన్ని ఓ ఆదివారం పెరట్లో బార్బీ విందుకి పిలిస్తే ఎలా ఉంటుందో చూద్దామంటోంది. పిలవనా?

వెర్రిబీ

హాస్యాల శేషుకి,

నీ ఉత్తరం చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. గ్రీసూ కాదు, ఇటలీ కాదు, ఇక్కడి చీజ్ ఫ్యాక్టరీ నుంచే తెచ్చుకున్నాను. ఐరన్ ఇప్పుడు పూర్తిగా మానేశాను, వేడి పెంచాను. ఇక ఏం చేస్తుందో చూడాలి. మా ప్రొఫెసర్‌కి కూడా తెగ నచ్చింది. డిసెంబర్‌లో మా ఇద్దరి పేర్లూ ఒకే కాగితం మీద అచ్చవుతాయి. చుట్టాలందరికీ తలా ఒకటి పంపుదాం.

నీ ప్రసాద్

తా.క. దాన్ని బార్బీకి తెస్తే వచ్చినవాళ్ళందరూ మంచాన పడతారు.

టూంగాబీ

శ్రీవారికి,

మీ ఉత్తరం చూసి శుభలేఖే అనుకున్నాను. ఇండియాకి టికెట్ కొందామని వెళ్ళి, ట్రావెల్ ఏజెంట్ ముందే కళ్ళు తిరిగి పడ్డాను. ఆంటీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ పరీక్ష చేసి, నా అనుమానం నిజమేనంది. మెత్తటి చీజ్ ముట్టొద్దనీ, ఫ్రిజ్‌లో నిలవున్నవి తినొద్దనీ, కడుపుతో ఉన్నవాళ్ళకి లిస్టీరియా ప్రమాదమనీ చెప్పింది.

"అది మీకూ తెలుసా?" అన్నాను.

ఆవిడ పెన్ను కింద పెట్టి, అది కంటికి కనపడని బాక్టీరియా అని నెమ్మదిగా చెప్పింది. ఆంటీ గోడవైపు తిరిగి నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా కుళ్ళు పూర్తిగా పోలేదు.

అవునండీ, ఇద్దరం ముగ్గురమవుతున్నాం. వచ్చే శనివారం మీరు నా పక్కన ఉండాలి. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి, చేతులు సబ్బుతో బాగా కడుక్కుని రండి.

మీ శేషు

తా.క. నా రక్తంలో ఐరన్ బాగా తక్కువట. మీ మాటలకి ఒళ్ళు ఎలాగూ మండింది. ఐరన్ లేక, వేడెక్కితే ఏమవుతుందో తెలుసుకోవడానికి ల్యాబ్ దేనికండీ? నా మొదటి ఉత్తరం మళ్ళీ చదవండి.