వేరే చెయ్యి పడలేదు

మార్చి 3, బుధవారం

చిరంజీవి బుజ్జికి,

మేనత్త ఆశీస్సులు. కుశల ప్రశ్నలు తర్వాత. ముందు అసలు వార్త.

మొన్న సోమవారం మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు మీ నాన్న చేతిలోంచి గిటారు జారి కింద పడింది. పగల్లేదు. వంగి తీసుకోబోయాడు, ఎడమ చేతికి పట్టు చిక్కలేదు. రెండోసారి ప్రయత్నించలేదు. కుర్చీలో వెనక్కి కూర్చుని, ఇక నేను వాయించలేను అని చెప్పాడు. టైము ఎంతయిందో చెప్పినట్టు, అంత మామూలుగా.

టైర్ల షాపు మీద, వాళ్ళు ముప్ఫై ఏళ్ళుగా రిహార్సల్ చేసుకునే గదిలో జరిగిందిది. దాదాపు రెండేళ్ళకి మళ్ళీ అక్కడ చేరడం అదే మొదటిసారి. మీ నాన్న, నేను, పియానో ఆయన, బేస్ వాయించే పొడుగు మామ ఉన్నాం. పొడుగు మామ నీకు గుర్తుండే ఉంటాడు, ఏ గుమ్మం దాటినా నుదురు తగిలించుకునే మనిషి. పడింది గిటారే కదా మాస్టారూ, మీరు కాదు కదా, కానివ్వండి అని నవ్వించబోయాడు. ఎవరూ నవ్వలేదు. ఆయనే వెళ్ళి గిటారు తీసి పెట్టెలో పెట్టి మూత వేశాడు.

ముప్ఫై ఆరేళ్ళవాణ్ణి, లిఫ్టులు బాగుచేసేవాణ్ణి పట్టుకుని బుజ్జీ అనడం బాగోదు. వేరే పిలుపు నాకు నోటికి రాదు. సర్దుకో.

నీ ఆచూకీ ఎలా తెలిసిందని అనుమానపడకు. మీ నాన్నకి తెలీదు. జనవరిలో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆ బిల్డింగు లిఫ్టులో తలుపు పక్కన సర్వీసు కార్డు తగిలించి ఉంది. నెలనెలా తనిఖీ చేసినవాడు సంతకం పెట్టాలి. పద్నాలుగు సంతకాలున్నాయి, అన్నీ నీవే. పన్నెండేళ్ళుగా ఏ మూల ఉన్నావో అనుకుంటుంటే మా ఇంటికి ఆరు బస్టాపుల దూరంలో ఉన్నావు. నాలుగో అంతస్తులో దిగాల్సినదాన్ని, ఏడు దాకా పోయి మళ్ళీ కిందికొచ్చాను. కార్డు మీద మీ కంపెనీ చిరునామా రాసుకున్నాను. దాన్ని వాడుకోవడానికి రెండు నెలలు పట్టింది.

ఫిబ్రవరి పన్నెండున మీ నాన్న కొత్త ఆల్బం వచ్చింది. పేరు ‘తొందరేం లేదు’. తొమ్మిది పాటలు, నలభై ఒక్క నిమిషాలు. దీనికి ముందుది వచ్చి పద్నాలుగేళ్ళయింది. జాజ్‌కి ఇక్కడ వినేవాళ్ళెంతమందని అందరూ అన్నారు. మూడు వారాల్లో మొదటి విడత డిస్కులు అయిపోయాయి. లిఫ్టుల్లో పనిచేసేవాడివి, ఈపాటికి ఏ హోటల్ లాబీలోనో వినే ఉంటావు. వినకపోతే చెప్తాను. గొంతు దిగింది. ఇదివరకు పై స్థాయికి వెళ్తే గీరేది, ఇప్పుడు అక్కడికి వెళ్ళడు, ఉన్నచోటే ఉండి పక్కన కూర్చున్నవాళ్ళకి చెప్పినట్టు పాడతాడు. గిటారు ఎక్కడా పరుగెత్తదు. ఆయన ఒక వాక్యం పాడాక కాస్త ఆగి, ఆలోచించుకుని, అప్పుడు జవాబిస్తుంది.

పేపర్లలో చాలా రాశారు. వయసు వేళ్ళలోకి దిగి వెన్నయిందని ఒకాయన. అరవై తొమ్మిదేళ్ళ జీవితం ఆరు తీగల మీద అని ఇంకొకాయన. నాకు విశేషణాలు పడవు, నీకు తెలుసు. ముప్ఫై నాలుగేళ్ళు పత్రికలో కూర్చుని, అవతలివాళ్ళు రాసిన వార్తల్లోంచి వాటిని కొట్టేసినందుకే జీతం తీసుకున్నాను. అయినా మూడో పాట అయిపోగానే లేచి మళ్ళీ మొదటినుంచి పెట్టుకున్నాను. అది వాస్తవం కనుక రాస్తున్నాను.

డిస్కు పెట్టెలో మడిచిపెట్టే లోపలి కాగితం మీద వ్యాసం నాదే. మీ నాన్న అడిగాడు, నేను రాశాను. అందులో చివరి వాక్యం ఇది: ‘ఈ తొమ్మిది పాటల్లో గొంతూ గిటారూ ఆయనవే, వేరే చెయ్యి పడలేదు.’ గిటారు భాగాలు ఇంట్లోనే, వెనక గదిలో ఒక్కడే కూర్చుని రికార్డు చేసుకున్నానని చెప్పాడు. ఇప్పుడంతా అలాగేనట, ఎవరి ముక్క వాళ్ళు చేసి పంపితే స్టూడియోలో అతికిస్తారట. బేస్ తను వాయించేనాటికి గిటారు సిద్ధంగా ఉందని పొడుగు మామ కూడా చెప్పాడు.

డిసెంబరు నుంచి ఎడమ చేతి చివరి రెండు వేళ్ళలో పట్టు తప్పుతోందని అంటూ వచ్చాడు. చలి అన్నాడు, వయసన్నాడు. అప్పటికి ఆల్బం పని పూర్తయింది కాబట్టి మేమూ పట్టించుకోలేదు. కానీ ఈ నెల పద్నాలుగో తారీఖు ఆదివారం సాయంత్రం ఈ పాటలతోనే కచేరీ ఉంది. హాల్లో ఆరువందల ఇరవై సీట్లు. ఒక్కటీ మిగల్లేదు.

నిన్న కంపెనీ మనిషి వచ్చాడు. మర్యాదస్తుడు, గొంతు పెంచడు. మీరు నిజంగానే పాడండి సార్, గిటారు రికార్డులోంచి మేం వేస్తాం, మీరు చేతులాడిస్తే చాలు అన్నాడు. పెద్దపెద్దవాళ్ళే చేస్తున్నారని కూడా అన్నాడు. పొడుగు మామ ఊరుకోలేదు. అయితే నా ఫోటో ఒకటి తీసుకెళ్ళి స్టేజీ మీద నిలబెట్టండి, నేనింట్లో పడుకుంటాను అన్నాడు. మీ నాన్న మాత్రం వెంటనే సరేనన్నాడు. ఆ మనిషి పుట్టి బుద్ధెరిగాక దేనికీ అంత తొందరగా సరే అనలేదు. నేను పోట్లాడాను. తర్వాత ఇంటికొచ్చి ఆలోచించుకున్నాను. తన వాయింపుకి తన చేతులే ఆడించుకుంటున్నాడు, పరాయి సొమ్ము కాదు కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

సోమవారం నుంచి కిటికీ దగ్గర కుర్చీలోంచి లేవడం లేదు. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాని మీద కుడి చెయ్యి వేసి కూర్చుంటాడు, ఎవరిదో వస్తువు కాపలా కాస్తున్నట్టు. ఇవాళ పొద్దున చొక్కా గుండీలు నేను పెట్టాను. డెబ్భై ఏళ్ళొస్తుంటే చెల్లెలి చేత గుండీలు పెట్టించుకుంటున్నావు, అమ్మ ఉంటే ఇద్దరినీ కలిపి తిట్టేది అన్నాను. మెడ దగ్గర గుండీ పెట్టేటప్పుడు కళ్ళు మూసుకున్నాడు.

ఆ రోజు సంగతి ఒకటి రాయాలి. పన్నెండేళ్ళ కిందట, ఆ హోటల్ హాల్లో, మూడో పాట మధ్యలో నువ్వు వాయిస్తుండగా మీ నాన్న చెయ్యెత్తి అందరినీ ఆపేశాడు. క్షమించండి, మావాడింకా వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు అని మైకులో అన్నాడు. జనం నవ్వారు. నువ్వు గిటారు పెట్టెలో పెట్టి, రెండు గొళ్ళేలూ వేసి, వెనక తలుపులోంచి వెళ్ళిపోయావు. మీ అమ్మ పోయినప్పుడు వచ్చి గంటసేపు నిలబడ్డావు తప్ప మళ్ళీ గడప తొక్కలేదు. ఇదంతా నీకు తెలిసిందే. తెలియంది ఒకటుంది. నేను ముందు వరసలో కూర్చున్నాను. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

రమ్మని రాయడం లేదు. ఆ ముఖం నాకు లేదు. మీ నాన్న వాయించడం ఆగిపోయిందన్న సంగతి ఇంకొకరి నోట వినేలోగా నీకు తెలియాలని రాశాను.

ఇంతే సంగతులు అనలేను గానీ, నాకు తెలిసినంతవరకు ఇవే.

నీ మేనత్త

తా.క.
మార్చి 5, శుక్రవారం

ఉత్తరం ఇంకా నా సంచిలోనే ఉంది. పైన ఒక అబద్ధం ఉంది. చింపేసి కొత్తది రాయొచ్చు, రాయను. అచ్చయిన తప్పుని దాచకుండా కింద సవరణ వేయడమే మాకు తెలిసిన పద్ధతి.

నిన్న గురువారం ఉదయం పదింటికి మీ నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నరాల డాక్టరు ఫైలు తెరిచి, మళ్ళీ ఎందుకొచ్చారు, రెండేళ్ళ కిందటే చెప్పాను కదా ఈ రెండు వేళ్ళూ ఇక తీగ నొక్కలేవని అన్నాడు. పరీక్ష కాగితం అడిగి తీసుకుని చూశాను. తారీఖు రెండేళ్ళ కిందటి జూలైది. ఆల్బం రికార్డింగు మొదలైంది నిరుడు జూన్‌లో. మీ నాన్న గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

ఆయన్ని ఇంట్లో దింపి, రెండింటికి స్టూడియోకి వెళ్ళాను. ఆ సౌండ్ ఇంజనీరు మంచివాడే, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఆయన చెప్పలేదక్కా, నేనడగలేదు అన్నాడు. మీ నాన్న ఒక పాత పెట్టె నిండా టేపులు తెచ్చాడట. ఇంట్లో వాయించుకున్నవి, వీటిలోంచి తీసుకో, నేను వీటి మీద పాడతాను అన్నాడట. తొమ్మిది పాటలూ అలా కట్టినవే. ముందు గిటారు, తర్వాత దానికి సరిపడా పాట.

గిటారు ఒక్కటే వినిపించమన్నాను. మూడో పాట పెట్టాడు. రెండు నిమిషాల పన్నెండు సెకన్ల దగ్గర వెనక నుంచి సన్నగా టకటకమని ఒక చప్పుడు మొదలైంది. డ్రమ్ము మీద బ్రష్షుతో తడుతున్నట్టు ఉంటుంది. ఒక సమీక్షకుడు ఆ డ్రమ్మర్ సంయమనాన్ని మెచ్చుకున్నాడు కూడా. ఆ పాటలో డ్రమ్మర్ లేడు. ఇంజనీరు అది బాగుందని ఉంచేశాడట. అది మీ అమ్మ కుట్టుమిషను, బుజ్జీ. పక్క గదిలో ఎవరి జాకెట్టో కుడుతోంది. దారం తెగినట్టుంది, ఒకసారి ఆగి మళ్ళీ మొదలవుతుంది. టేపుల మీద మీ నాన్న చేతిరాతలో తారీఖులున్నాయి, అన్నీ నువ్వు వెనక గదిలో తలుపేసుకుని సాధన చేసిన నాలుగేళ్ళవి. ఆ గదిలో మైకు పెట్టి అన్నీ రికార్డు చేశాడు. మనలో ఎవరికీ తెలీదు.

పేపర్లన్నీ మెచ్చుకున్న అరవై తొమ్మిదేళ్ళ చెయ్యి, ఇరవై మూడేళ్ళ నీ చెయ్యి.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఇద్దరు చెప్పనిదే ఒక్క ముక్క అచ్చుకివ్వలేదు. మునిసిపల్ కుళాయి ఎన్నింటికొస్తుందో కూడా రెండు చోట్ల అడిగి రాశాను. నా పేరు పెట్టి రాసిన ఆ ఒక్క వాక్యానికి మాత్రం మా అన్నయ్య మాట చాలనుకున్నాను.

సాయంత్రం అయిదింటికి ఆయన ఎదురుగా కూర్చున్నాను. కాదనలేదు. వాడిది తీసుకున్నావు సరే, పన్నెండేళ్ళ కిందట ఆ రోజు వాణ్ణి ఎందుకాపావు అని అడిగాను. ఆయన మాటలు ఉన్నవున్నట్టు రాసుకున్నాను: బాగా వాయిస్తున్నాడు, అందుకే ఆపాను. వాడికి తెలుసనుకున్నాను.

పరిగెత్తుకొచ్చి నీకు చెప్పాలనిపించింది. చెప్పి ఏం లాభమో తోచలేదు. పన్నెండేళ్ళు నువ్వు లిఫ్టు గుంటల్లో గ్రీజు పూసుకున్నావు, చేతకాదనుకుని. చేతనవుతుందని ఇప్పుడు నేను ఉత్తరం రాస్తే పోయిన ఒక్క రోజు వెనక్కి రాదు. మీ నాన్నకి క్షమాపణ అడిగే నోరు లేదు. ఆయన బదులు నేనడిగితే అది నాది కాదు. నాకున్న పని ఒక్కటే, సవరణ.

మా పాత పత్రికలో ఇచ్చాను. నాలుగు లైన్లు. ‘తొందరేం లేదు’ ఆల్బం లోపలి కాగితంలో గిటారు వాయించినవారి పేరు తప్పుగా పడింది, తొమ్మిది పాటల్లోనూ గిటారు ఆయన కుమారుడిది, తప్పు వ్యాసం రాసినవారిది అని. నీ పూర్తి పేరు రాసిచ్చాను, సర్వీసు కార్డు మీద ఉన్నట్టే. కుట్టుమిషను సంగతి అందులో లేదు. అది నీకు.

ఇలా ఇచ్చానని ఇవాళ పొద్దున మీ నాన్నకి చెప్పాను. అచ్చయితే నన్ను ఎవరూ పాడమనరు అన్నాడు. అవును అన్నాను. గుండీలు పెట్టనివ్వలేదు, తనే పెట్టుకున్నాడు, ఇరవై నిమిషాలు పట్టింది.

అచ్చయ్యేది నీ పేరు కాబట్టి, వద్దనే హక్కు నీదే. పదమూడో తారీఖు శనివారం సాయంత్రం నాలుగింటి వరకు ఆపించగలను. నా ఫోను నంబరు కవరు వెనక రాశాను. నాలుగు దాటితే పేజీ అచ్చుకి వెళ్ళిపోతుంది.

పద్నాలుగు ఆదివారం ఉదయం పదకొండో పేజీలో సవరణ వస్తుంది. మధ్యాహ్నం మూడింటికి హాల్లో సౌండ్ చెక్. ఆరున్నరకి కచేరీ. కంపెనీ రద్దు చేయలేదు. మీ నాన్న వెళ్తానన్నాడు.