నువ్వుండే ఎడమవైపు

శీనన్నా,

నువ్వు పోయాక కూడా ఈ ఎడారి దేశంలో మన టవర్ల డ్యూటీ ఆగలేదు. ఈ శుక్రవారం సెలవునాడే మళ్ళీ మాల్‌లోని మంచు మైదానంలో ఐస్ హాకీకి దిగాను. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ దగ్గర మనందరం కలిసుండే విల్లాలో నీ మంచం ఖాళీగానే ఉంది గానీ, జట్టులో నీ చోటు కొత్తతనికి ఇచ్చారు.

"సూడకుంటనే పాస్ ఇస్తవ్, అదే నీ బలం. నన్నొక్కన్నే నమ్ముకుంటవ్, అదే నీ లోపం" అనేవాడివి.

చివరి నిమిషం. చెరో రెండు గోల్స్. ఇద్దరు నా మీదికి కమ్ముకొచ్చారు. చూడకుండానే పక్‌ని, ఆ రబ్బరు బిళ్ళని, ఎడమవైపుకి తోశాను. అది ఖాళీ మంచు మీద జారిపోయి గోడకి తగిలింది. కొత్తతను కుడివైపు ఉన్నాడు. అవతలివాళ్ళు పక్ అందుకుని గోల్ కొట్టేశారు.

"ఎవలికిచ్చినవ్ రా?" అని కెప్టెన్ రాజన్న అరిచాడు.

వంగి, ఊడని లేసు మళ్ళీ కట్టుకున్నాను.