గొంతు ఉండగా రాసిన పంపకాలు

ముప్పై నాలుగేళ్లు రైల్వే స్టేషనులో బండ్ల రాకపోకలు మైకులో చెప్పి పదవీ విరమణ చేసిన, డెబ్బై రెండేళ్ల విధవరాలినైన నేను, ఎవరి ప్రోద్బలమూ బలవంతమూ లేకుండా స్వహస్తాలతో రాస్తున్న వీలునామా ఇది. బుద్ధి స్థిరంగానే ఉంది. కాళ్లు, చేతులు, పొట్ట మాత్రం స్థిరంగా లేవు. చట్టం వాటి సంగతి అడగదు కనుక అభ్యంతరం ఉండకూడదు.

రాయడానికి కారణం నా గొంతులో గడ్డ. రేపు ఉదయం ఎనిమిదికి కోస్తారు. కోస్తే మాట పోవచ్చు, కొయ్యకపోతే మనిషే పోతుంది అని డాక్టరు వాతావరణం చెప్పినట్టు చెప్పారు. ఈ తేదీ మూడోది. మొదటిసారి కళ్లజోడు మరిచిపోయానని ఆసుపత్రి గేటు దగ్గర్నుంచి వెనక్కి వచ్చేశాను. కళ్లజోడు ముక్కు మీదే ఉంది. రెండోసారి దగ్గు అన్నాను. నాకు కత్తంటే భయం. అంతకన్నా, రేపు మళ్లీ పారిపోతానేమోనని భయం.

1. నా రెండు గదుల ఇల్లు కొడుకుకూ కోడలికీ చెరి సగం. వెనకగది తలుపు కిర్రుమంటోంది. నూనె వేస్తానని మా వాడు పదకొండేళ్లుగా అంటున్నాడు గనుక ఆ తలుపు పూర్తిగా అతని వాటాలోకే వస్తుంది.

2. బీరువా, అందులోని చీరలు, నా చేతిగడియారం కోడలికి. వాటితోపాటు ఒక క్షమాపణ. ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి ఆమెను నోరులేని పిల్ల అని అందరి ముందూ అన్నాను. రెండోసారి నేను తిరిగొచ్చినప్పుడు ఇంట్లో మాట్లాడింది ఆమె ఒక్కతే.

“అత్తయ్యా, ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దాం. రేపు పొద్దున ఆసుపత్రి గేటు దాకా నడుస్తానని ఒక్క మాట ఇవ్వండి. ఇచ్చాక మాత్రం నడవాలి.”

అలవాటు కొద్దీ ప్రభువు చిత్తమైతే నడుస్తానన్నాను. ఆ మాట తీసేసి చెప్పమంది. మా చర్చిలో ఎవరైనా ప్రభువు చిత్తమైతే వస్తానంటే వాళ్లకు కుర్చీ వెయ్యనక్కర్లేదని అందరికీ తెలుసు. మాట మంచిదే. నేనే దాన్ని పాడుచేశాను. నా పిరికితనానికి ఆయన పేరు పెట్టాను.

నడుస్తానన్నాను. నడిచాను. మర్నాడు గేటు దాటి చీటీలిచ్చే కిటికీ దాకా. ఆ పైరోజు మెట్లెక్కి, ఆపరేషన్ గది బయట బల్ల మీద పది నిమిషాలు. ఆరో నిమిషంలో లేచాను, మళ్లీ కూర్చున్నాను. ఇలా తొమ్మిది రోజులు, తొమ్మిది మాటలు. భయం తీసెయ్యి ప్రభువా అని ఏడాదిగా అడిగాను, తియ్యలేదు. ఇప్పుడు భయంతోపాటే నన్ను నడిపించు అంటున్నాను. నడిపిస్తున్నాడు.

3. నా బల్ల, దీపం మనవరాలు పిచ్చుకకు. ఈ పిల్ల ఏటా కొత్త నోటుబుక్కు కొని, ఇరవై తీర్మానాలు రాసి, మూడో పేజీకల్లా ఏడుస్తుంది. ఇరవైలో పంతొమ్మిది కొట్టెయ్యవే. మిగిలిన ఒక్కటీ సాయంత్రానికల్లా అయిపోయేది పెట్టుకో. ప్రభువు చిత్తమైతే బండి రెండో ప్లాట్‌ఫారం మీదకు వచ్చును అని నేను మైకులో ఒక్కనాడూ చెప్పలేదు. వచ్చుచున్నది అన్నాను. కొన్ని ఆలస్యమయ్యాయి. అప్పుడు ఆలస్యమని చెప్పాను, మర్నాడు మళ్లీ వచ్చుచున్నది అనే అన్నాను. తప్పిన రోజున నీకూ అంతే.

4. నా పాటల పుస్తకం చర్చి పాటల బృందం నాయకుడికి. నా గొంతు తక్కిన గొంతుల్ని తొక్కేస్తోందని పన్నెండేళ్ల కింద నన్ను వెనక వరసకు పంపించాడు. ఎల్లుండి నుంచి ఆయనకు ఆ ఇబ్బంది ఉండకపోవచ్చు. క్షమించాను. ఈ ఒక్క మాట రాయడానికి మూడు చిత్తు కాగితాలు పట్టాయి.

5. ఈ వీలునామా అమలుపరచే బాధ్యత కోడలిదే. మొదటి పని రేపే, నేను బతికుండగానే. గేటు దగ్గర నేను ఏ కారణం చెప్పినా నమ్మవద్దు. కానీ చెయ్యి పట్టి లాగవద్దు. లాక్కెళితే వెళ్లింది నేను కాదు. నిలబడిపోతే పక్కనే నిలబడు, ఎంతసేపైనా సరే. లోపలికి నా కాళ్లతోనే వెళతాను.

తేదీ: 11-3-2025, మంగళవారం, మధ్యాహ్నం మూడున్నర.

సాక్షులు:
కింది అంతస్తు టైలరు. నా నిలువుటద్దం మీద ఆయనకు కన్నుంది; సాక్షి సంతకం చేస్తే ఏమీ రాదని చెప్పాను, అయినా చేశాడు.
ఎదురింటి లెక్కల మాస్టారు. రెండుసార్లు చదివి, కూడికలేవీ లేవని నిరాశపడి సంతకం చేశారు.

ఇద్దరి ఎదుటా, నా సంతకం:

అక్షరాలు వంకరగా పడ్డాయని, ఇది నాది కాదని ఎవరూ కోర్టుకెక్కవద్దు. రెండుసార్లు కలం కింద పెట్టాను. చివరి అక్షరం దాకా రాశాను.